నదిలో తిరిగిన బోటు సముద్రానికి: నిజాంపట్నం నుంచి ఎదురుమొండి దాకా

మీరు అడిగింది ఇదీ. 20 అడుగుల ఫైబరు బోటు, 115 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ ఔట్‌బోర్డు ఇంజను, నేల కింద 100 లీటర్ల పెట్రోలు ట్యాంకు. రెండేళ్లుగా విజయవాడ ప్రకాశం బ్యారేజీ పైన, పున్నమి ఘాటు నుంచి భవానీ ద్వీపం, పవిత్ర సంగమం వరకు తిప్పుతున్నారు, ఏ ఇబ్బందీ రాలేదు. ఇప్పుడు ట్రెయిలరు మీద తెనాలి, రేపల్లె మీదుగా నిజాంపట్నం తీసుకెళ్లి, సముద్రంలో ఫాల్స్ దివి పాయింటు అనే భూకొస చుట్టి కృష్ణ మొగలోని ఎదురుమొండి దీవికి వెళ్లి అదే రోజు తిరిగి రావాలి. నలుగురు మనుషులు. చార్టు మీద కొలిస్తే పోను 22 నాటికల్ మైళ్లు.

"ఏ ఇబ్బందీ రాలేదు" అన్నారు చూడండి, నన్ను ఆపింది ఆ మాటే. బ్యారేజీ పైన నీళ్లు చెరువులా ఉంటాయి. బోటు ఊగదు, ట్యాంకు కుదుపుకు లోనుకాదు, బ్యాటరీ తీగలు లాగబడవు, ట్రాన్సమ్ (ఇంజను బిగించే వెనక పలక) మీద బరువు పడి లేవదు. ట్యాంకు అడుగున రెండేళ్ల మడ్డి పేరుకున్నా ఇంజను పైనున్న మంచి పెట్రోలే తాగుతుంది. సముద్రంలో మొదటి అరగంటలో ఆ మడ్డి మొత్తం లేస్తుంది. చిన్న బోట్లు సముద్రంలో ఆగిపోయేది ఇంజను పగిలి కాదు, చాలాసార్లు పెట్రోల్లో నీళ్లు, వదులైన బ్యాటరీ కనెక్షను, బిగించడం మర్చిపోయిన డ్రెయిన్ ప్లగ్గు (బోటు అడుగు నీళ్లు వదిలే రంధ్రపు బిరడా) వల్ల. అందుకే పెట్రోలు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, మెరుపుల పాలిష్ సంగతి అసలు ఎత్తను.

బంకుల్లో ఇప్పుడు పోసేది ఈ20, అంటే నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్. ఔట్‌బోర్డు కంపెనీల మాన్యువళ్లు మామూలుగా పది శాతం వరకే ఒప్పుకుంటాయి. మీ మాన్యువల్లో ఆ పేజీ తీసి చూడండి. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. కొంతవరకు ఆ నీటిని తనలో కలుపుకునే ఉంటుంది, ఆ హద్దు దాటితే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. పెట్రోలు పీల్చే గొట్టం కూడా అడుగునే ఉంటుంది. ఇంజను ముందు తాగేది ఆ నీళ్లనే. విడిపోయాక పైన కొత్త పెట్రోలు పోస్తే సర్దుకుంటుందని అనుకోవద్దు, అడుగుది తోడి పారేయడమే మార్గం. ఇథనాల్ లేని పెట్రోలు దొరికే బంకు ఉంటే ఈ ఒక్క ప్రయాణానికైనా అది పోయించండి. లేదంటే ప్రయాణానికి రెండు రోజుల ముందు మాత్రమే నింపండి, సగం ట్యాంకుతో నెలల తరబడి పెట్టకండి. ఖాళీ ఎంత ఉంటే లోపల చెమ్మ అంత పడుతుంది.

ట్యాంకు స్థితి తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. ట్యాంకుకూ ఇంజనుకూ మధ్య నీటిని వేరుచేసే 10 మైక్రాన్ల ఫిల్టరు ఉంటుంది. లేకపోతే అది పెట్టించకుండా సముద్రానికి బయల్దేరొద్దు. దాన్ని విప్పి, బోర్లించకుండా నిటారుగా కిందికి దించి, లోపలున్నదంతా తెల్లగాజు సీసాలోకి వంచండి. కదపకుండా పావుగంట ఉంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. సీసాను కొంచెం వంచినప్పుడు అడుగున పాదరసం గుండ్లలా దొర్లేవి నీటి బొట్లు. అడుగున మసక రంగులో వేరే పొర, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తే ఇథనాల్ విడిపోయినట్టే. నల్లటి పలుకులు కనిపిస్తే పెట్రోలు గొట్టం లోపలి పొర ఊడుతోంది, గొట్టం మొత్తం మార్చాలి. ఎర్రపొడి తుప్పు. తెల్లటి పిండిలాంటిది కనిపిస్తే అల్యూమినియం ట్యాంకు లోపల తినేస్తోంది, అప్పుడు ప్రయాణం వాయిదా వేసి ట్యాంకు సంగతి చూడండి.

ఏమీ కనిపించకపోయినా ఒకసారి గేజు సెండరు (పెట్రోలు మట్టం కొలిచే పరికరం) మూత విప్పి, పారదర్శక గొట్టం అడుగు మూలకు పెట్టి రెండు మూడు లీటర్లు తోడండి. ఈ పని ఆరుబయట చేయాలి, అపార్టుమెంటు సెల్లార్లో కాదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకి ఎక్కడో లిఫ్టు మోటారు దగ్గర అంటుకుంటుంది. ఫిల్టరు కొత్తది వేశాక ఇంకో కొత్తది, దాన్ని విప్పే బెల్టు రెంచి కూడా బోటులో ఉండాలి. మొదటిది పూడుకుపోయేది సముద్రంలోనే కాబట్టి. పెట్రోలును ఇంజనుకు ఎక్కించడానికి చేత్తో నొక్కే ప్రైమరు బల్బు రబ్బరు గట్టిపడినా, నొక్కాక మెత్తగానే ఉండిపోయినా మార్చండి. బిగించేటప్పుడు బాణం గుర్తు ఇంజను వైపు ఉండాలి.

ఇక లెక్క. మీ ఇంజను 4000 ఆర్పీఎం దగ్గర గంటకు సుమారు 20 లీటర్లు తాగుతుంది. నదిలో ఆ వేగానికి 20 నాట్లు, అంటే గంటకు 20 నాటికల్ మైళ్లు, వస్తుంటే మైలుకు లీటరు. సముద్రంలో అలల మీద 12, 13 నాట్లకు మించి పోనివ్వలేరు, తాగేది మాత్రం పెద్దగా తగ్గదు. మైలుకు 1.6 లీటర్లు వేసుకోండి. రానూపోనూ 44 మైళ్లు, 70 లీటర్లు. బోటు వాళ్లందరూ పాటించే నియమం ఏంటంటే మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా. అంటే 70 లీటర్లు రెండు వంతులు, మొత్తం 105. ట్యాంకు అడుగున గొట్టానికి అందనిది 10 లీటర్లు కలిపితే 115. మీ ట్యాంకు 100. చాలదు.

దీనికి ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్రోలు పట్టుకెళ్లి ఊగే బోటులో గరాటు పెట్టి పోయడం మందు కాదు. ఔట్‌బోర్డులకే అమ్మే 24 లీటర్ల విడి ట్యాంకు, దానికి సొంత గొట్టం, సొంత బల్బు, సొంత చిన్న ఫిల్టరుతో కొనండి. లెక్క 124కి చేరుతుంది. దానికంటే ముఖ్యం, పెద్ద ట్యాంకులో మడ్డి లేచి ఇంజను దగ్గడం మొదలుపెడితే గొట్టం మార్చి ఈ మంచి పెట్రోలు మీద ఇంటికి రావచ్చు. పెట్రోలుకు రెండో దారి ఉన్న బోటు సముద్రానికి సగం సిద్ధమైనట్టే. ఆ ట్యాంకును వెనకభాగంలో, బెల్టుతో నేలకు కట్టి, గాలి తగిలేచోట ఉంచండి. బోటు ముక్కు దగ్గర ఏ బరువూ పెట్టొద్దు, అల ఎదురైనప్పుడు ముక్కు లేవక దాంట్లోకి దూరుతుంది.

తర్వాత నీళ్లు లోపలికి రావడం. నీటిమట్టానికి అడుగు లోతున అంగుళం వెడల్పు రంధ్రం పడితే నిమిషానికి 45 లీటర్ల పైనే వస్తాయి. డబ్బా మీద గంటకు 1100 గ్యాలన్లు అని రాసిన బిల్జి (బోటు అడుగు గుంట) పంపు లెక్కప్రకారం నిమిషానికి 69 లీటర్లు తోడాలి. గొట్టం వంపులు, ఎత్తు, బ్యాటరీ వోల్టేజీ కలిసి అందులో సగం, కొంచెం ఎక్కువ మాత్రమే మిగులుతుంది. అంటే ఒక పంపు ఒక్క అంగుళం రంధ్రానికి కూడా చాలకపోవచ్చు. పంపు మిమ్మల్ని కాపాడదు, రంధ్రం మూయడానికి సమయం ఇస్తుంది అంతే. కాబట్టి నీటి కింద ఉన్న ప్రతి గొట్టానికి రెండు క్లాంపులు, పక్కనే తాడుతో వేలాడదీసిన మెత్తకర్ర బిరడా, అదనంగా ఒక డ్రెయిన్ ప్లగ్గు, గట్టి చేతిపిడి ఉన్న 10 లీటర్ల బకెట్టు. బిల్జి పంపు ఆటోమేటిక్ ఫ్లోటు స్విచ్చి వైరు మెయిన్ స్విచ్చి దాటి నేరుగా బ్యాటరీకి, మధ్యలో ఫ్యూజుతో వెళ్లాలి. ఫ్లోటును చేత్తో లేపి చూడటం పరీక్ష కాదు, బిల్జిలో నిజంగా రెండు బకెట్ల నీళ్లు పోసి, అది లేచి తోడి ఆగే వరకు చూడండి.

ట్రాన్సమ్‌ను స్క్రూడ్రైవరు పిడితో పుచ్చకాయను తట్టి చూసినట్టు వరసగా తట్టుకుంటూ రండి. అంతటా టక్కుమని గట్టి చప్పుడు రావాలి. ఎక్కడైనా మొద్దుగా పలికితే లోపలి చెక్క నాని ఉంది. ఇంజను బోల్టుల చుట్టూ, ట్రాన్సమ్ మూలల్లో వెంట్రుక గీతలు చూడండి. ఇంజను సగం ఎత్తి దాని కాలు (నీళ్లలో ఉండే కింది భాగం) పట్టుకుని కిందికీ పైకీ ఊపితే ట్రాన్సమ్ కూడా కదులుతూ కనిపిస్తే ఆ బోటు సముద్రానికి పనికిరాదు, ముందు రిపేరు.

కరెంటు విషయంలో ఒక హెచ్చరిక. మన ఊళ్లో ఆటోనగర్ ఉంది కదా, అన్నీ దొరుకుతాయని ధీమా. నట్లు, లగ్గులు, గ్రీజు, ట్రెయిలరు బేరింగులు నిక్షేపంగా అక్కడే తెచ్చుకోండి. కారు ఫ్యూయల్ పంపు, కారు ఆల్టర్నేటరు, కారు స్విచ్చులు మాత్రం పెట్రోలు బోటు లోపల పెట్టొద్దు. బోటుకు చేసినవి లోపలి నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి ఉంటాయి, కారువి అలా ఉండవు. కారులో పెట్రోలు ఆవిరి రోడ్డు మీదకి పోతుంది, బోటులో బిల్జిలో నిలుస్తుంది.

బ్యాటరీలు రెండు ఉండాలి, ఒకటి ఇంజనుకు మాత్రమే. రాత్రంతా వదిలేసి పొద్దున కొలిస్తే 12.6 వోల్టులు ఉండాలి, 12.2 అంటే సగం ఖాళీ. స్టార్టు కొడుతున్నప్పుడు మీటరు 9.6 కంటే కిందికి జారితే ఆ బ్యాటరీని ఇన్వర్టరుకు ఇచ్చేసి కొత్తది కొనండి. టెర్మినళ్ల మీద రెక్కల నట్లు ఉంటే తీసేసి స్పానరుతో బిగించే నైలాను లాకు నట్లు వేయండి. రెక్కల నట్టు అలల కుదుపుకు గంటలో వదులవుతుంది, ఇంజను కంప్యూటరు ఆగిపోతుంది, మీరేమో పెట్రోలు దగ్గర వెతుకుతుంటారు. బ్యాటరీ పెట్టెను నాలుగు వైపులా లాగి చూడండి, అంగుళం కూడా కదలకూడదు.

ఇంజనులో ఎక్కువ చెప్పాల్సింది దాన్ని చల్లబరిచే నీటి పంపు ఇంపెల్లరు (రబ్బరు రెక్కల చక్రం) గురించే. కృష్ణ ఒండ్రు, ఇసుక దాన్ని ఆకురాయిలా అరగదీస్తాయి, గుర్రపుడెక్క వేళ్లు జాలీలో చిక్కి నీళ్లు లేకుండా తిప్పుతాయి. రెండేళ్లు అయింది కాబట్టి చూడటం అనవసరం, మార్చేయండి. వెనక చిమ్మే నీటిధార బలంగా ఉందని సరిపెట్టుకోవద్దు, రబ్బరు రెక్క ఒకటి విరిగి థర్మోస్టాటు దారిలో ఇరుక్కున్నా ధార వస్తూనే ఉంటుంది. గేరు నూనె కింది స్క్రూ ముందు విప్పి, తర్వాత పైది విప్పి దించండి. పాలు కలిపినట్టుంటే ప్రొపెల్లరు షాఫ్టు సీలు పోయింది. సీలు వెనక చేపల వల నైలాను దారం చుట్టుకుని ఉందేమో ప్రొపెల్లరు ఊడదీసి చూడండి, చాలావరకు అదే కారణం. కొత్త నూనెను కింది రంధ్రం నుంచే పైకి ఎక్కించాలి, స్క్రూ వాషర్లు కొత్తవి వేయాలి. ప్రొపెల్లరు ఒకటి అదనంగా, దాని నట్టు, కాటరు పిన్ను, థ్రస్టు వాషరు, రెంచి అన్నీ ఒక సంచిలో. చేతి నుంచి జారిన థ్రస్టు వాషరు సముద్రంలోంచి తిరిగి రాదు, రెండు పెట్టుకోండి.

ఆనోడ్లు చూశారా? ఇంజను లోహాన్ని నీళ్లు తినకుండా దాని బదులు తాము కరిగే లోహపు ముక్కలు అవి. నది బోట్లకు కొందరు మెగ్నీషియం ఆనోడ్లు వేస్తారు, మంచినీళ్లకు అవే సరి. ఉప్పునీళ్లలో అవి చాలా వేగంగా కరిగిపోయి తర్వాత ఇంజను కాలినే తినడం మొదలవుతుంది. సముద్రం, మొగల (నది సముద్రంలో కలిసే చోట్ల) ఉప్పగలిసిన నీళ్లు రెంటికీ అల్యూమినియం ఆనోడ్లు పనికొస్తాయి. వాటి మీద రంగు వేయకూడదు, వేస్తే అవి లేనట్టే.

లంగరు. నదిలో వాడే నాలుగు కొక్కేల గాలపు లంగరు రాళ్లలో పట్టుకుంటుంది, దివిసీమ బురదలో దున్నుకుంటూ వచ్చేస్తుంది. మీ బోటుకు 5, 6 కిలోల పలక లంగరు, 8 మిల్లీమీటర్ల గొలుసు 4 మీటర్లు, 12 మిల్లీమీటర్ల నైలాను తాడు 60 మీటర్లు కావాలి. ప్లాస్టిక్ తాడు వద్దు, అది నీటి మీద తేలి మీ ప్రొపెల్లరుకే చుట్టుకుంటుంది, పైగా సాగదు. లోతుకు ఏడింతల తాడు వదలాలి. మూడు బారల లోతు, అంటే ఐదున్నర మీటర్లు, దానికి బోటు ముక్కు ఎత్తు ఒక మీటరు కలిపితే ఆరున్నర, ఏడింతలు 45 మీటర్లు. గొలుసును లంగరుకు కలిపే షాకిలు పిన్నును తీగతో కట్టేయండి. తాడు రెండో కొస బోటుకు కట్టి ఉందో లేదో ముందే చూసుకోండి. నవ్వకండి, లంగరు సంచితో సహా పోయేది ఇందుకే. ఇంజను ఆగి గాలి ఒడ్డు వైపు నెడుతుంటే మీకు మిగిలిన బ్రేకు ఇదొక్కటే. దాన్ని సామాన్ల అడుగున పెట్టొద్దు.

ఇక వాతావరణం, మొగ. ఈ రెంటిలో మీ నది అనుభవం ఎందుకూ పనికిరాదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం జోలికి పోకండి. 1977 నవంబరు 19 ఉప్పెన సంగతి దివిసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. మిచాంగ్ తుపాను కూడా 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. జనవరిలో సముద్రం నెమ్మదించినా డెల్టా మీద పొగమంచు పొద్దెక్కే దాకా విడవదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపలవేట నిషేధం. మీది వేట బోటు కాదు గానీ, ఆ రోజుల్లో సముద్రం మీద ఆదుకునే పడవలు ఉండవు. మీకు దొరికేది ఫిబ్రవరి, మార్చి మొదటి సగం.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) రోజూ అలల ఎత్తు, గాలి, ప్రవాహం అంచనాలు ఇస్తుంది, తెలుగులోనూ హెచ్చరికలు వస్తాయి. అందులో చెప్పే అల ఎత్తు మొత్తం అలల్లో ఎత్తైన మూడో వంతు అలల సగటు. ఒక్కో అల దానికి దాదాపు రెట్టింపు రావచ్చు. మొదటి ప్రయాణానికి ఎత్తు మీటరు లోపు, గాలి 10 నాట్ల లోపు ఉన్న రోజే ఎంచుకోండి. ఎత్తు ఒక్కటే చూడొద్దు, రెండు అలల మధ్య సెకన్లు కూడా చూడండి. పది సెకన్లకొక మీటరు అల ఉయ్యాల, నాలుగు సెకన్లకొక మీటరు అల రోకలిపోటు.

పొద్దున నేల గాలి ఉంటుంది, మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది. సాయంత్రం గుంటూరు డాబాల మీద హాయిగా తగిలే పైరగాలి మీకు తిరుగు ప్రయాణంలో మొదటి సగమంతా ఎదురుగాలి. అందుకని తెల్లారగానే బయల్దేరి, ఎక్కడున్నా పదిన్నరకు వెనక్కి తిరగాలి. దీవి కనుచూపు మేరలో ఉన్నా సరే.

మొగ దగ్గర ఇసుక మేట ఉంటుంది, ప్రతి వరదకూ చోటు మారుస్తుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు, ఆ ఇసుకంతా ఎక్కడో ఆగాలి కదా. పాత చార్టులో లోతు ఉన్నచోట ఇవాళ మోకాలి లోతు ఉండొచ్చు. మొగలోకి దూరేది పోటు నిండే వేళ. పాటు (నీరు వెనక్కి తగ్గడం) లాగుతుండగా ఎదురుగా గాలి వీస్తే అల నిలువుగా లేచి విరుగుతుంది, నిన్న నున్నగా ఉన్న మొగే ఇవాళ బోటును తలకిందులు చేస్తుంది. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి వేళ చూసుకుని ఇవాళ బయల్దేరొద్దు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో లాగుడు ఎక్కువ, మొదటిసారికి వాటిని వదిలేయండి.

మొగ బయట పది నిమిషాలు ఆగి చూడండి. పెద్ద అలలు గుంపుగా వచ్చి, కాసేపు సద్దుమణుగుతాయి. లోపలికి పోయేటప్పుడు ఒక అల వీపు మీద కూర్చుని దాని వేగంతోనే పోవాలి. ముందుకు దూకి దాని అంచు దాటితే ముక్కు గుచ్చుకుంటుంది. వెనకబడితే వెనకది మీద పడుతుంది. భయపడి మధ్యలో థ్రాటిలు పూర్తిగా వదిలేయడం, అడ్డంగా తిప్పాలని చూడటం, ఈ రెండే బోట్లను తిరగేస్తాయి. ఇవన్నీ చదివి వచ్చేవి కావు, అందుకే నా గట్టి సలహా: మొదటిసారి నిజాంపట్నంలో ఒక అనుభవమున్న సరంగును (పడవ నడిపేవాడిని) రోజు కూలికి ఎక్కించుకోండి. ఇసుక ఈ నెల ఎక్కడుందో ఆయనకు తెలుసు. ఫాల్స్ దివి పాయింటు ముందు కూడా లోతు తక్కువ మేర చాలా దూరం పోతుంది, మూడు బారల లోతు తగ్గకుండా బయటగా చుట్టండి, డెప్తు మీటరు అలారం 2 మీటర్లకు పెట్టండి.

ఆయనను ఎక్కించుకోవడంలో ఇంకో లాభం వలలు. జెండా కట్టిన వెదురుకర్ర, తెల్లటి థర్మోకోలు బెండ్లు కనిపిస్తే దాని వెనక కిలోమీటర్ల వల ఉండొచ్చు. రెండో కొస ఎటుందో ఆయన చూసి చెబుతాడు. కోసుకుని పోతే ఒకరి నెల సంపాదన పోతుంది, మీ ప్రొపెల్లరూ పోతుంది. రంపపు పళ్ల కత్తి ఒకటి వెనకభాగంలో కట్టి ఉంచండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లకు ఒడ్డుకు వస్తాయి, ఒడ్డు దగ్గర వేగం తగ్గించండి.

కాగితాల విషయం కొందరు తేలిగ్గా తీసుకుంటారు. నదిలో తిరగడానికి ఉన్న ఇన్‌ల్యాండ్ వెసల్ రిజిస్ట్రేషను, సర్వే సర్టిఫికెట్టు సముద్రానికి అనుమతి కాదు. హార్బరు అధికారులను, మెరైన్ పోలీసులను ముందుగా కలిసి మీ బోటుకు ఏం కావాలో కనుక్కోండి, అందరి ఆధార్ కార్డులు ఉంచుకోండి. మడ అడవులు కృష్ణా అభయారణ్యం కిందికి వస్తాయి, అక్కడ దిగాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. నిజాంపట్నంలో మీ ట్రెయిలరు దించడానికి ర్యాంపు, దాని వాలు, ఏ వేళ నీళ్లు అందుతాయో కూడా ఒకసారి ఖాళీగా వెళ్లి చూసి రండి.

లైఫ్ జాకెట్లు అందరికీ, ఒంటి మీద, రేవు వదిలేటప్పుడే. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ తిరగబడింది నదిలోనే, ఒడ్డు కనిపిస్తుండగానే. సముద్రానికి కనీసం 100 న్యూటన్ల తేలుడు శక్తి ఉన్నవి కొనండి, ఘాట్ల దగ్గర ఇచ్చే పల్చటి 50 న్యూటన్లవి ఈత వచ్చినవాళ్లకు సాయం చేస్తాయి, స్పృహ తప్పినవాడి ముఖం పైకి తిప్పవు. ప్రతి జాకెట్టుకూ ఒక విజిలు. ఇంజను ఆపే కిల్ స్విచ్చి తాడు సరంగు ఒంటికి కట్టి ఉండాలి, అదనపు క్లిప్పు ఒకటి మిగతావాళ్లకు తెలిసిన చోట ఉండాలి. లేకపోతే ఆయన నీళ్లలో పడ్డాక బోటు స్టార్టు కాదు.

తీరం నుంచి కొంచెం పోగానే ఫోను సిగ్నలు నమ్మకం కాదు. లైసెన్సుతో 25 వాట్ల వీహెచ్ఎఫ్ (బోట్లు మాట్లాడుకునే) రేడియో, పొడుగు యాంటెనా పెట్టించుకుని ఆపద పిలుపులు వచ్చే 16వ ఛానలు వింటూ ఉండండి. చేతి సెట్టు 5 వాట్లే, అది రెండోది. తీరరక్షక దళం నంబరు 1554, మెరైన్ పోలీసులది 1093. అమెరికాలో ఉన్న బావమరిది గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి ఉపగ్రహ పరికరమో, ఉపగ్రహ ఫోనో తెచ్చి ఇచ్చాడని పట్టుకెళ్లకండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా వాటిని వాడటం మన దేశంలో నేరం, విమానాశ్రయాల్లోనే చాలామంది ఇరుక్కున్నారు. ఫోన్లో చార్టు ముందే డౌన్‌లోడు చేసి రెండు ఫోన్లలో ఉంచండి, బోటు దిక్సూచి పక్కన బ్లూటూత్ స్పీకరు పెట్టొద్దు, అయస్కాంతం ముల్లును లాగేస్తుంది.

తిండికి పులిహోర కట్టుకుంటే చాలు, నూనె వేపుళ్లు వద్దు. వాంతులయ్యేవాళ్లు మాత్ర బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే అదీ బయటికే. మంచినీళ్లు మనిషికి నాలుగు లీటర్లు.

ఇవన్నీ అయ్యాక కూడా నేరుగా ఎదురుమొండి పోవద్దు. మొదట బ్యారేజీ పైన రెండు గంటలు, ముప్పావు ట్యాంకుతో, మీ బోటు రేపిన అలల మీదే అటూ ఇటూ ఎగిరించండి. ఇంటికొచ్చి ఫిల్టరు మళ్లీ విప్పి సీసాలో పోసి చూడండి. మొదటిసారి శుభ్రంగా ఉండి ఇప్పుడు మడ్డి కనిపిస్తే ట్యాంకు అడుగున అది ఉందని తేలిపోయినట్టే. తర్వాత నిజాంపట్నంలో దించి, మొగ దాటి మూడు మైళ్లు పోయి తిరిగి రండి, ఎన్ని లీటర్లు కాలిందో రాసుకోండి. మైలుకు 1.6 అన్న నా అంకె తప్పు కావచ్చు, మీ బోటు చెప్పిన అంకెతో లెక్క తిరగరాయండి. దీవి చూడటమే ముఖ్యమైతే నాగాయలంక వైపు నదిలో దించి ఎదురుమొండికి పోవచ్చు, మొగ దాటే పనే ఉండదు. మొదటి ఏడాదికి నేను అదే మేలంటాను.

వెళ్లే రోజు ఒక కాగితం మీద బోటు రంగు, నంబరు, నలుగురి పేర్లు, పోయే దారి, ఒంటిగంటకు రేవులో ఉంటామన్న మాట రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వండి. మూడింటి దాకా ఫోను రాకపోతే 1554కు చేయాలని కూడా అందులోనే రాయండి, "ఇంకాసేపు చూద్దాం" అనే అవకాశం వాళ్లకు ఇవ్వొద్దు.

తిరిగొచ్చాక ట్రెయిలరును రేపల్లె దాకా లాక్కొచ్చి ఆపి హబ్బుల మీద చెయ్యి పెట్టి చూడండి. ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే దాని బేరింగులోకి ఉప్పునీళ్లు దూరాయి. దించేటప్పుడు కూడా, దూరం నుంచి వచ్చిన వేడి హబ్బులను వెంటనే నీళ్లలో ముంచకుండా అరగంట ఆరనిస్తే ఇది జరగదు, వేడి హబ్బు చల్లబడుతూ సీలు పక్క నుంచి నీటిని పీల్చుకుంటుంది. ఇంజనుకు ఆ రాత్రే మంచినీళ్ల పైపు తగిలించి పదిహేను నిమిషాలు కడగండి, పొద్దున చూద్దాంలే అంటే ఉప్పు లోపల గట్టిపడుతుంది.